ముందు మీ అత్తగారిని కూర్చోబెట్టి చూడండి

బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నేనూ మావారూ ఇద్దరం పంటి డాక్టర్లం. ఎలక్ట్రిక్ సెడాన్ కొనాలని ఏడాదిగా అనుకుంటున్నాం. మావారి మనసు బీఎండబ్ల్యూ ఐ4 మీద ఉంది. నాకు బీవైడీ సీల్ నచ్చింది. రెంటికీ పాతిక లక్షల దాకా తేడా ఉంది. పైగా సీల్ ఒక్క చార్జింగ్‌తో 650 కిలోమీటర్లు, ఐ4 అయితే 590 వెళ్తుందట. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పార్కింగ్ ఉంది. నెలకోసారి అందరం తెనాలి వెళ్లొస్తాం. అత్తయ్య, మావయ్య మాతోనే ఉంటారు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. ఇంట్లో రోజూ ఇదే చర్చ. ఏది తీసుకోమంటారు?
(ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: అమ్మా, మీ అత్తయ్యగారి మోకాళ్ల సంగతి ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో రాశారు. నేను అక్కడే మొదలుపెడతాను.

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఎనిమిదేళ్లు షెడ్డు నడిపాను. కారు కొన్న ఆరు నెలలకే అమ్మేస్తామని వచ్చినవాళ్లు చాలామంది నాకు తెలుసు. వాళ్లలో ఇంజిన్ బాగోలేదన్నవాళ్లు తక్కువ. "అమ్మ ఎక్కలేకపోతోందండీ", "నాన్నకి నడుం పట్టేస్తోంది" అన్నవాళ్లే ఎక్కువ. ఎలక్ట్రిక్ సెడాన్లలో ఈ ఇబ్బంది ఇంకొంచెం పెరుగుతుంది. బ్యాటరీని కారు అడుగున పలకలా పరుస్తారు కాబట్టి కాళ్లు పెట్టే నేల పైకి వస్తుంది. సెడాన్ అన్నాక టాపు ఎత్తు పెంచలేరు, సీటు పైకి జరపలేరు. అంటే నేల లేచింది, సీటు మాత్రం అక్కడే ఉంది. ఆ తేడా అంతా కూర్చున్నవాళ్ల మోకాళ్ల మీదే పడుతుంది.

మా ఇంటావిడకు రెండేళ్ల కిందట కుడి మోకాలి చిప్ప మార్చారు. మీరడిగిన రెండు కార్లూ చూడటానికి ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాను. సీల్‌లో వెనక కూర్చోగానే ఆమె అన్న మొదటి మాట "పీట మీద కూర్చున్నట్టుందండీ". చూస్తే నిజమే, మోకాళ్లు పైకి లేచి ఉన్నాయి. సీటు ముందంచుకీ ఆమె తొడకీ మధ్య నా అరచెయ్యి సులువుగా దూరిపోయింది. తొడకు ఆసరా లేకపోతే బరువంతా నడుం మీదే పడుతుంది. అయితే పది నిమిషాలయ్యాక ఆమె తనంతట తానే కాళ్లు ముందుకు చాపుకుంది. సీల్ నేల చదునుగా ఉంటుంది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 2920 మిల్లీమీటర్లు, అందుకే కాళ్లకు చోటు ధారాళంగా ఉంది. కాళ్లు చాపాక "ఇప్పుడు బాగుంది" అంది.

ఐ4లో కథ వేరు. అది మొదటినుంచీ ఎలక్ట్రిక్ కోసమే గీసిన బండి కాదు. పెట్రోల్‌తో నడిచే 4 సిరీస్ గ్రాన్ కూపే శరీరమే దానిదీ. అందుకే వెనక మధ్యలో నేల గట్టులా లేచి ఉంటుంది. పక్కన ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్లు ఆ గట్టుకు అటో కాలు ఇటో కాలు పెట్టుకోవాలి. మా ఆవిడకు కాళ్లు చాపే వీలు దొరకలేదు. దిగేటప్పుడు ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి లేచింది. నా మటుకు నాకు ఐ4 గురించిన తీర్పు అక్కడే అయిపోయింది.

మీవారి మనసు కూడా నాకు అర్థమవుతోంది. స్టీరింగ్ పట్టుకున్నవాడికి ఐ4 ఇచ్చే ఆనందం సీల్ ఇవ్వదు. మలుపులో రోడ్డుకు అతుక్కుని వెళ్తుంది, బ్రేకు మీద కాలు పెడితే ఎంత అడిగామో అంతే ఆగుతుంది. వెనక గాలి సస్పెన్షన్ ఉంది కాబట్టి ఐదుగురు ఎక్కి డిక్కీ నింపినా వెనక భాగం కిందకి కుంగదు. డిక్కీ కూడా 470 లీటర్లు, పైగా తలుపు అద్దంతో సహా లేస్తుంది. తెనాలి నుంచి బియ్యం బస్తా వేసుకొచ్చేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. సీల్ డిక్కీ 400 లీటర్లు, ముందు బానెట్ కింద ఇంకో 50. ఇద్దరు పిల్లలున్న కుర్ర దంపతులు అడిగి ఉంటే, డబ్బుకు వెనకాడకపోతే, ఐ4 తీసుకోమనే చెప్పేవాణ్ణి.

ఇక 650, 590 లెక్క. ఈ రెండంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదమ్మా. ఒక్క చార్జింగ్‌తో కారు ఎంత దూరం వెళ్తుందో కొలిచే పరీక్షలు రెండు రకాలు. సీల్‌లో ప్రీమియం అనే మోడల్‌కు చెప్పే 650 పాత ఎన్ఈడీసీ పరీక్షలో వచ్చింది. ఐ4లో ఈడ్రైవ్40 అనే మోడల్‌కు చెప్పే 590 అంతకన్నా కఠినమైన డబ్ల్యూఎల్‌టీపీ పరీక్షలోది. ఇదే పెద్ద బ్యాటరీ, వెనక మోటారు ఉన్న సీల్‌కు యూరప్‌లో డబ్ల్యూఎల్‌టీపీ ప్రకారం ఇచ్చిన అంకె 570. అంటే ఇద్దరూ దాదాపు ఒకచోటే ఉన్నారు. సీల్ బ్యాటరీలో పట్టే కరెంటు 82.56 యూనిట్లు, ఐ4లో వాడుకోగలిగినది 80.7. హైవే మీద ఏసీ వేసుకుని వందకు అటూ ఇటూగా నడిపితే యూనిట్‌కు ఐదు నుంచి ఆరు కిలోమీటర్లు వేసుకోండి. తక్కువలో తక్కువ వేసుకున్నా నాలుగు వందలు. కూకట్‌పల్లి నుంచి తెనాలి మూడు వందల పైచిలుకు. నిండా చార్జింగ్‌తో బయల్దేరితే ఏ కారైనా మిమ్మల్ని దారిలో ఆపదు. ఎలాగూ సూర్యాపేటలో టిఫినుకు ఆగుతారు కదా, అక్కడో అరగంట పెట్టుకుంటే ఆ కాస్త టెన్షన్ కూడా ఉండదు.

దారి కన్నా తెనాలి ఇంటి గురించి ఎక్కువ ఆలోచించండి. అక్కడ గీజర్ పెట్టుకునే 15 యాంప్‌ల ప్లగ్ ఉంటే చాలు, గంటకు దాదాపు మూడు యూనిట్లు ఎక్కుతాయి. రాత్రి పది గంటలు పెడితే ముప్పై యూనిట్లు, అంటే నూట యాభై కిలోమీటర్లు. రెండు రాత్రులు ఉంటే తిరుగు ప్రయాణానికి సరిపోతుంది. కానీ పాత ఇళ్లలో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. ఎర్త్ సరిగా లేకపోతే కారు చార్జింగ్ తీసుకోదు, ఎర్ర లైటు చూపించి ఊరుకుంటుంది. మొదటిసారి వెళ్లే ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ గుంత తవ్వించి, బొగ్గూ ఉప్పూ వేయించి, నీళ్లు పోయించండి. ఆ ప్లగ్‌కు వెళ్లే వైరు మందం కూడా చూడమనండి. రాత్రంతా ఆగకుండా కరెంటు లాగితే సన్న వైరు వేడెక్కుతుంది.

ఇప్పుడు మీ సెల్లార్. సీల్ అడుగు నేలకు 145 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, ఐ4 అయితే 125. మన అపార్ట్‌మెంట్ల ర్యాంపులు ఎంత నిటారుగా కడుతున్నారో మీకు తెలిసిందే. ర్యాంపు పైకొచ్చి చదును నేల ఎక్కే అంచు దగ్గర ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు ఉండి కారు నడుం అంచు మీదకి వస్తుంది. పెట్రోల్ కారు అక్కడ తగిలితే సైలెన్సర్ పైపు గీసుకుపోతుంది, వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుంది. ఇందులో తగిలేది బ్యాటరీ పళ్లెం. అందుకని టెస్ట్ డ్రైవ్ కారును మీ సెల్లార్‌కే తెమ్మనండి. మీ నలుగురూ, షోరూమ్ మనిషీ కలిసి ఐదుగురూ ఎక్కండి. వాచ్‌మన్‌ను టార్చి పట్టుకుని అంచు పక్కన కూర్చుని చూడమనండి. ఒక్కడే డ్రైవరు ఉన్నప్పుడు తగలని కారు ఐదుగురు ఎక్కాక తగలొచ్చు. షోరూమ్ వాళ్లు మొహమాటపడినా మీరు పడకండి, ఇవ్వబోయేది మీ డబ్బు.

ఖర్చు గురించి రెండు మాటలు. 2024 మార్చిలో సీల్ ప్రీమియం 45.55 లక్షలకు వచ్చింది. 2022 మేలో ఐ4 వచ్చినప్పుడు 69.90 లక్షలు. రెండూ తయారై ఓడలో దిగినవే, కస్టమ్స్ సుంకం అందులోనే ఉంది. తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. ఆ మినహాయింపు గడువు 2026 డిసెంబర్ 31. మీరు ఇంకో ఏడాది చర్చించుకుందాం అనుకుంటే ఆ తేదీ గుర్తుంచుకోండి.

సీల్‌లో ఇంకో మంచి సంగతి, దాని బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. నూటికి నూరు చార్జింగ్ పెట్టినా అంతగా బాధపడదు. ఐ4లో ఉన్న రకానికి రోజువారీ ఎనభై దగ్గర ఆపడం మంచిది, దూరం వెళ్లే ముందు రాత్రి మాత్రం నిండా పెట్టుకోవచ్చు. సీల్‌లో నాకు నచ్చనిది పైన ఉన్న గాజు టాపు. తెనాలి మే నెల ఎండలో పెద్దవాళ్ల నడినెత్తిన అది ఏం చేస్తుందో నేను చెప్పక్కర్లేదు. టాపుకు లోపల బిగించే తెర కొనుక్కోండి.

బుక్ చేసేముందు ఒకటి అడగండి: ముందద్దం పగిలితే, బంపర్ పోతే ఎన్ని రోజుల్లో తెప్పిస్తారు? నాకు తెలిసిన ఒకాయన బయటినుంచి వచ్చిన ఖరీదైన కారు ముందద్దం కోసం రెండు నెలలు ఆటోల్లో తిరిగాడు. నీళ్లు చేరి బ్యాటరీ పాడైతే ఇన్సూరెన్స్‌లో దానికి వర్తించే కవర్ ఉందో లేదో కూడా చూసుకోండి. మీది సెల్లార్ పార్కింగ్, వానాకాలం హైదరాబాద్.

నా మాట సీల్ ప్రీమియం. 530 గుర్రాల శక్తి ఉన్న పై మోడల్ వద్దు, ఆ వేగం మీకు ఎక్కడా పనికిరాదు. అయితే ఒక షరతు. మీ అత్తయ్యగారు రోజూ కట్టే చీరతోనే వచ్చి వెనక సీట్లో అరగంట కూర్చోవాలి, మియాపూర్ దాకా వెళ్లి రావాలి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా రెండుసార్లు ఎక్కి దిగాలి. ఆవిడ "పర్వాలేదులే" అంటే ఆ మాట నమ్మకండి, మీకోసం అంటారు. దిగేటప్పుడు ఆవిడ మొహం చూడండి. అక్కడ నొప్పి కనిపిస్తే రెండు సెడాన్లూ వదిలేసి, సీటు ఎత్తుగా ఉండే ఎలక్ట్రిక్ బండి చూడండి. మీవారికి నేను చెప్పానని చెప్పండి.

ప్రశ్న: నాన్నగారికి డెబ్బై రెండేళ్లు. డ్రైవరు ఉన్నాడు. మెర్సిడెస్ ఈక్యూఎస్ 580, బీఎండబ్ల్యూ ఐ7 రెండింట్లో ఏది?
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: బాబూ, వెనక సీటు నాన్నగారిదైతే ఐ7. ఈక్యూఎస్ పూనా దగ్గర చాకన్‌లో బిగిస్తారు కాబట్టి సుంకం తగ్గి 2022 సెప్టెంబర్‌లో 1.55 కోట్లకు వచ్చింది. ఐ7 2023 జనవరిలో 1.95 కోట్లు. ఆ తేడా నిజమైనదే. కానీ ఈక్యూఎస్‌ను గాలి కోసుకుని వెళ్లేలా విల్లులా వంచారు. ఆ వంపు వెనక తల దగ్గర కిందికి దిగుతుంది, అడుగున 107.8 యూనిట్ల బ్యాటరీ నేలను పైకి లేపింది. పైన వివరించిన పీట సంగతి ఇక్కడా కొంత ఉంటుంది. ఐ7 పెట్రోల్ 7 సిరీస్ శరీరమే, టాపు ఎత్తుగా ఉండి పెద్దాయన నిటారుగా కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటారు. దాని పొడవు 5391 మిల్లీమీటర్లు, మీ గేటూ పోర్టికో టేపు పెట్టి కొలిచాకే అడ్వాన్స్ ఇవ్వండి. సొంతంగా నడుపుకునే మనిషైతే, ఎక్కువ దూరాలు తిరిగేవాళ్లయితే ఈక్యూఎస్ అనేవాణ్ణి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో లగ్జరీ ఎలక్ట్రిక్ సెడాన్ చవగ్గా వస్తోంది. ఏం చూసుకోవాలి?
(ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే బ్యాటరీ ఆరోగ్యం రిపోర్టు తీయించండి, అమ్మేవాళ్లు ఫోన్‌లో చూపించేది చాలదు. చాలా కంపెనీల బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఆ ఎనిమిదేళ్లు మొదటి యజమాని కొన్న రోజు నుంచే లెక్క. వారంటీ మీ పేరుకు మారుతుందని కాగితం మీద రాయించుకోండి. చివరగా కారును లిఫ్ట్ మీద ఎక్కించి మీరే కిందికి వెళ్లి చూడండి. బ్యాటరీ పళ్లెం మీద గీత ఉంటే పర్వాలేదు. సొట్ట ఉంటే, బోల్టుల దగ్గర కొత్త రంగు కనిపిస్తే, ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి.