గండిపేట నీళ్లు తాగినవాళ్లం కాకపోయినా

"కొండాపూర్‌లో మూడేళ్లుగా ఉంటున్నాను. ట్రాఫిక్, అద్దెలు, దుమ్ము తప్ప నాకేం కనిపించలేదు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు మాత్రం హైదరాబాద్ పేరెత్తితే చాలు మురిసిపోతారు. ఎందుకని?" ఇదీ మీ ప్రశ్న.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. నేను హైదరాబాద్ వాణ్ని కాను, సికింద్రాబాద్ వాణ్ని. బయటివాళ్లకు రెండూ ఒకటే, మాకు కాదు. చిన్నప్పుడు ట్యాంక్‌బండ్ దాటి కోఠీకో అబిడ్స్‌కో వెళ్లాల్సి వస్తే అమ్మ పక్కింటావిడను "రేపు హైదరాబాద్ పోతున్నం, ఏమన్నా తేవాల్నా?" అని అడిగేది. అదేదో పొరుగూరైనట్టు! చార్మినార్ 1591 నాటిది. మా ఊరికి 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టారు, కంటోన్మెంట్ చుట్టూ పెరిగింది. వయసులో పెద్దది కాబట్టి హైదరాబాద్‌కు అక్కకిచ్చే మర్యాద ఇస్తాం. అంతకుమించి కాదు.

మా తాత జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేరాడు. నాన్న కూడా అందులోనే చేరి అందులోనే రిటైరయ్యాడు. మా గల్లీలో ఎవరి సంగతి చూసినా ఇంతే, రైలు చక్రం ఎటు దొర్లిస్తే అటు దొర్లుకుంటూ వచ్చినవాళ్లే. ఎడమ పక్కన తమిళ మొదలియార్లు. ఎదురింట్లో ఆంగ్లో ఇండియన్ ఆంటీ. క్రిస్మస్‌కు ఆమె గులాబీ పువ్వులనే పిండివంట పెట్టి పంపే ప్లేటును ఖాళీగా తిరిగి పంపడం తప్పు కాబట్టి అమ్మ అందులో సకినాలు పోసి పంపేది (సకినాలు సంక్రాంతికి కదా అంటారేమో, ఆంటీ కోసం ముందే అయ్యేవి). మూల మీద టైలర్ చాచా. పై వాటాలో ఏలూరు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లు. "మీదే ఊరు?" అని అడిగితే ఒక్కరు కూడా "ఇదే" అనేవాళ్లు కాదు. మా తాత ఆఖరి రోజు దాకా జనగామ అనే చెప్పాడు. నాన్న మాత్రం యాభై దాటాక ఒక రోజు ఎవరితోనో "ఇగ ఇదే మనూరు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. చాలా మామూలుగా, ఇంటి అడ్రస్ చెప్పినట్టు చెప్పాడు.

పాతవాళ్లు ఒక మాట అంటుంటారు, గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదలడని. గండిపేట అంటే ఉస్మాన్ సాగర్. 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తి వేల మంది పోయాక మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆ తర్వాతే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. ఆ వరదలో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది, తీరిక ఉంటే వెళ్లి చూడండి. సరే, నీళ్ల సంగతికొస్తా. మన కుళాయిల్లోకి ఇప్పుడు వచ్చేది చాలా వరకు మంజీర, కృష్ణ, గోదావరి నీళ్లు. అంటే ఇక్కడ మనుషులే కాదు, నీళ్లు కూడా బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవే. సామెత ప్రకారమైతే జనం ఎప్పుడో ఊరు వదిలి పోవాలి. ఎవరూ పోవట్లేదు, అద్దెలు మాత్రం పెరుగుతున్నాయి.

ఇంతకీ ఇక్కడివాడు అనిపించుకోవడానికి ఏం కావాలి? నన్నడిగితే నాలుక తిరగాలి. ఇంట్లో తెలుగు, గల్లీలో మేం హిందీ అనుకునే ఉర్దూ, బడిలో సిస్టర్లు నేర్పిన ఇంగ్లిష్, అన్నీ కలిసి ఒకే వాక్యంలో దొర్లుతుంటాయి. అవునంటే "హౌ", వద్దంటే "నక్కో". ఈ నక్కో మరాఠీ చుట్టం. అన్నిటికన్నా నాకిష్టమైనది "పర్సోం". నిఘంటువులో దాని అర్థం మొన్న, లేదంటే ఎల్లుండి. మా దగ్గర మాత్రం మొన్నటి నుంచి నిజాం కాలం దాకా ఏ రోజైనా పర్సోమే. "పర్సోంచ్ షాదీ హువీ భాయ్" (మొన్ననే పెళ్లయింది) అన్న మనిషి కొడుకు టెన్త్ పరీక్షలు రాస్తుంటాడు. "పాంచ్ మినట్ మే ఆరా" (ఐదు నిమిషాల్లో వస్తున్నా) అంటే స్నానానికి వెళ్తున్నాడని అర్థం. దీన్ని మీరు అబద్ధం కింద లెక్కేస్తే మనసు కష్టపెట్టుకుంటారు, వాతావరణ సూచన కింద తీసుకుంటే టెన్షన్ ఉండదు. తెలుగు మాత్రం తక్కువ తిన్నదా? పరేషాన్, దిమాగ్, జర, ఖరాబ్ అన్నీ మింగేసింది. మా అక్క పెళ్లయి విజయవాడ వెళ్లిన కొత్తలో కూరగాయల బండి దగ్గర "జర మంచియి ఏరియ్యి భాయ్" అందట. ఆ బండతను ఏరి ఇచ్చాడు గానీ వారం రోజులు ఆమెను చూడగానే "రండి భాయ్" అన్నాడట.

ఇక ఇరానీ హోటల్. మీరు బిర్యానీ గురించి రాస్తాననుకుని ఉంటారు. అది చుట్టాలొస్తే తినే వంటకం, మా ఊరు బతికేది చాయ్ మీద.

నైట్ షిఫ్టు దిగిన ఆదివారాల్లో నాన్న నన్ను స్టేషన్ దగ్గరి ఒక ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లేవాడు. రెండు వైపులా రోడ్డున్న మూల మలుపు, పాలరాయి బల్లలు, వంగిన కర్ర కుర్చీలు, గోడలకు నిలువెత్తు అద్దాలు. కూర్చోగానే వెయిటర్ ఏమీ అడక్కుండా ఒక ప్లేటు తెచ్చి పెట్టేవాడు. అందులో నాలుగు చిన్న సమోసాలు, రెండు ఉస్మానియా బిస్కెట్లు, ఒక దిల్‌పసంద్ ముక్క. అన్నీ తినక్కర్లేదు, ఎన్ని తింటే అన్నిటికే డబ్బులు. మిగిలినవి పక్క బల్ల మీదికి పోతాయి. ఆ సంగతి తెలిసే నేను ప్లేటు వైపు, నాన్న వైపు మార్చి మార్చి చూసేవాణ్ని. రెండు సమోసాల దాకా నాన్న ఏమీ అనేవాడు కాదు. మూడోదాని మీద చెయ్యి పడగానే గొంతు సవరించుకునేవాడు.

డికాక్షన్ ఒక పాత్రలో మూత పెట్టి గంటల తరబడి కాగుతుంది. పాలు వేరే పాత్రలో చిక్కబడతాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. నాన్నా, ఆయనతో పనిచేసే దోస్తూ కలిసి "వన్ బై టూ" చెప్పేవాళ్లు. ఒకరు కప్పులో, ఒకరు సాసర్లో. ఆ అర కప్పు చాయ్ మీద గంటన్నర నడిచేది. ఇంక్రిమెంట్లు, యూనియన్ ఎన్నికలు, ఎవడి కూతురికి సంబంధం కుదిరింది, అజారుద్దీన్ మణికట్టు ఎలా తిప్పుతాడు. లేవమని ఎవరూ అనేవాళ్లు కాదు. లేచేటప్పుడు వెయిటర్ ప్లేటు వైపు ఒక్క చూపు చూసి, కాగితం లేదు పెన్సిల్ లేదు, గల్లా వైపు తిరిగి అరిచేవాడు. "నీలా షర్ట్, సాఢే చార్!" నాలుగున్నర రూపాయలన్నమాట. చిత్రమేమిటంటే హోటల్లో సగం మంది వర్క్‌షాప్ నీలం చొక్కాల్లోనే ఉండేవాళ్లు. అయినా గల్లా మీది సేఠ్ ఏ నీలం చొక్కానో కనిపెట్టేసేవాడు. ఎలాగో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఆ హోటల్ ఇప్పుడు లేదు. మొబైల్ ఫోన్ల షాపు పెట్టారు.

ఎండాకాలం, వానాకాలం అని మీరు ఏడాదిని ఎలా కొలుస్తారో తెలియదు గానీ మేం పండగలతో కొలుస్తాం. జనవరి ఒకటి నుంచి నాంపల్లిలో నుమాయిష్, అమ్మ భాషలో ఎగ్జిబిషన్. 1938లో మొదలైంది. నలభై ఆరు రోజుల్లో ఒక్కసారైనా పోకపోతే ఆ ఏడు చలికాలం రానట్టే. సంక్రాంతికి పరేడ్ గ్రౌండ్ మీద గాలిపటాలు, ఎవరిది తెగినా గల్లీ మొత్తం "అఫా!" అని ఒకే గొంతుతో కేక. రంజాన్‌లో హలీమ్ బట్టీల దగ్గర రోజా ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే లైను. ఖైరతాబాద్ గణపతి 1954లో ఒక్క అడుగుతో మొదలై ఎంత పెరిగాడో మీకూ తెలుసు, ఆ వారం మీరు ఆఫీసుకు ఎంత లేటయ్యారో అదీ తెలుసు.

కానీ మాది సికింద్రాబాద్ కాబట్టి మాకు బోనాలే అసలు పండగ. ఆషాఢంలో గోల్కొండ జగదాంబ దగ్గర మొదలై, మా ఉజ్జయిని మహంకాళి దగ్గరికి వచ్చి, తర్వాత లాల్‌దర్వాజ వెళ్తుంది. ఉజ్జయినిలో పనిచేసిన మా సికింద్రాబాద్ మిలిటరీ మనిషి సురిటి అప్పయ్య, ఇక్కడ కలరా తగ్గితే గుడి కడతానని అమ్మవారికి మొక్కుకుని, తిరిగొచ్చి 1815లో విగ్రహం పెట్టాడని మా దగ్గర ప్రతి పిల్లవాడికీ చెప్తారు. చూశారా, మా అమ్మవారు కూడా ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినావిడే.

ఆ రోజు అమ్మ రాత్రి రెండింటికే లేచేది. కడిగిన ఇత్తడి బిందెకు పసుపు, కుంకుమ బొట్లు, చుట్టూ వేపమండలు, లోపల బెల్లం పరమాన్నం, పైన మూత మీద దీపం. మహంకాళి గుడి దాకా ఆ దీపం ఆరిపోకుండా నడవాలి. ఒక ఏడు జనరల్ బజార్ దగ్గర వాన అందుకుంది. అమ్మ చేతులు బిందె మీద ఉన్నాయి, నా చేతిలో గొడుగు లేదు. పక్క దుకాణం మెట్ల మీద నిలబడ్డ ఒకతను ఏమీ మాట్లాడకుండా ప్లాస్టిక్ కుర్చీ తిరగేసి అమ్మ నెత్తి మీద పట్టుకుని లైను వెంట నడిచాడు. గుడి మలుపు దాకా వచ్చి, "అమ్మా, నేన్ దుకాణం తీయాలె" అని కుర్చీ తీసుకుని వెళ్లిపోయాడు. పేరు అడగడం కూడా అయ్యింది కాదు. మర్నాడు రంగం. పచ్చికుండ మీద నిలబడి అమ్మవారు పూనిన ఒకావిడ భవిష్యవాణి చెప్తుంటే టీవీ ముందు నాన్న మాత్రం ప్రతి ఏడూ ఒకటే అడిగేవాడు: "వానలు పడ్తయన్నదా, లేదా?"

అంతా పాలూ తేనే అని నేను చెప్పడం లేదు. పెళ్లయ్యాక అద్దెకు ఇల్లు వెతికినప్పుడు ఒక ఓనరు అన్నీ మాట్లాడి, అడ్వాన్సు కూడా తీసుకుని, చివర్లో "మీరేం తింటరు, మీవాళ్లేంది?" అని అడిగి మర్నాడు డబ్బులు తిరిగిచ్చేశాడు. అది మా గల్లీకి మూడు కిలోమీటర్ల దూరంలోనే జరిగింది. పుట్టిన ఊళ్లో అలాంటి ప్రశ్న వినడం వేరే రకం నొప్పి. 2020 అక్టోబరు వానలకు మా చెల్లెలి ఇల్లు నడుము దాకా మునిగింది. తర్వాత తెలిసింది, ఆ కాలనీ వేసిందే చెరువులో అని. ఈ ఊళ్లో కుంట, చెరువు, ట్యాంక్ అని ఉన్న పేర్లన్నీ ఒకప్పటి నీళ్ల గుర్తులు. మాసాబ్ ట్యాంక్‌లో ట్యాంక్ ఎక్కడుందో మీరే వెతకండి. ఇల్లు కొనే ఆలోచన ఉంటే పాత మ్యాపు ఒకటి చూసి కొనండి, ఇది మాత్రం అన్నగా చెప్తున్నా.

మీకు దుమ్మే కనిపించిందన్నారు. కొండాపూర్‌లో ఉండి మూడేళ్లలో అంతకన్నా ఎక్కువ కనిపించాలని నేను కూడా అనుకోను. అటువైపు ఇంకా ఊరు పచ్చిగా ఉంది. మా గల్లీకి మాత్రం తయారు కావడానికి మూడు తరాలు పట్టింది. మీ అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాట్ వాళ్ల పిల్లలు వాచ్‌మన్ పిల్లలతో ఏ భాషలో కొట్లాడుకుంటున్నారో ఒకసారి చెవిన వేసుకోండి. "నక్కో" అన్న మాట వినిపిస్తే పని మొదలైనట్టే.

ట్రాఫిక్ గురించి మీరు రాసినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. నా ఆఫీసు మాదాపూర్‌లో. మెట్రో ఉంది కదా అంటుంది మా ఆవిడ. ఉంది. కానీ సికింద్రాబాద్‌లో బస్సెక్కితే నాకు కిటికీ సీటు దొరుకుతుంది. ఇప్పుడు కూడా టెన్ హెచ్ బస్సులోనే ఉన్నాను. పారడైజ్ దగ్గర ఈ జవాబు మొదలుపెట్టాను, ఇంకా అమీర్‌పేట రాలేదు. పక్క సీటాయన ఫోన్‌లో ఎవరికో చెప్తున్నాడు: "హౌ భాయ్, పాంచ్ మినట్."