సీళ్లు మార్చినా బ్రేకు పట్టేస్తోందా?

ప్రశ్న: మాస్టారు గారూ, మాది మచిలీపట్నం. నాన్నగారి 2002 మోడల్ హీరో హోండా సీబీజడ్ చాలా ఏళ్లుగా వరండాలో పడి ఉంటే మళ్లీ రోడ్డెక్కిద్దామని పనిలోకి దిగాను. ముందు డిస్క్ బ్రేకు పట్టేసి ఉంది. డిస్కును ప్యాడ్లతో పట్టే కాలిపర్ విప్పి, పెట్రోలుతో కడిగి, కిట్ కొని రబ్బరు సీళ్లు రెండూ మార్చాను. ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ చేత్తో నొక్కితే లోపలికి పోలేదు, క్లాంపు పెట్టి బిగిస్తే గానీ కూర్చోలేదు. ఇప్పుడు రెండు మూడు కిలోమీటర్లు పోగానే డిస్కు ముట్టుకోలేనంత కాలుతోంది, చక్రం బిగుసుకుంటోంది. మెకానిక్ కాలిపర్ మొత్తం మార్చెయ్యమంటున్నాడు. పాతదాన్నే బాగు చేసుకోలేమా?
– ఒక పాఠకుడు

జవాబు: చేసుకోవచ్చు బాబూ. క్లాంపు సంగతి రాసి మంచి పని చేశావు, జబ్బు అక్కడే దొరికింది. బ్లీడర్ నిప్పిల్ (కాలిపర్‌లోని గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) తెరిచి ఉంచి, కొత్త సీలుకు బ్రేక్ ఆయిల్ రాసి పెడితే పిస్టన్ రెండు బొటనవేళ్ల బలానికి లోపలికి జారాలి. పోలేదంటే సీలు దాన్ని గట్టిగా పిండుతోందన్నమాట.

సీలు పని ఆయిల్ కారకుండా ఆపడం ఒక్కటే అనుకుంటారు చాలామంది. దానికి ఇంకో పని కూడా ఉంది. లివర్ నొక్కినప్పుడు పిస్టన్ ముందుకు కదులుతుంది, దాన్ని పట్టుకున్న సీలు కొంచెం మెలిపడుతుంది. లివర్ వదలగానే ఆ రబ్బరు తన ఆకారానికి తిరిగొస్తూ పిస్టన్‌ను కూడా వెనక్కి లాగుతుంది. కాలిపర్‌లో వేరే స్ప్రింగ్ ఉండదు, ఉన్న స్ప్రింగ్ ఆ రబ్బరు రింగే. అది మెలిపడాలంటే అది కూర్చునే గాడిలో దానికి చోటుండాలి.

మీ ఊళ్లో ఉప్పుగాలి. కాలిపర్ అల్యూమినియం. నిలబెట్టిన బండిలో చెమ్మ చేరి సీలు వెనక గాడిలో తెల్లటి పొర కడుతుంది, అది సున్నం గడ్డలా గట్టిపడుతుంది. పెట్రోలుకు కరగదు, బ్రష్షుకు సగమే రాలుతుంది. పైపైన చూస్తే గాడి శుభ్రంగానే ఉన్నట్టు ఉంటుంది. కొత్త సీలును ఆ పొర అడుగు నుంచి పైకి ఎత్తేస్తుంది, పిస్టన్ బిగుసుకుపోతుంది. ఈ గాడి బాగు చేయకుండా ఎన్ని కిట్లు మార్చినా డబ్బు దండగ.

మళ్లీ విప్పు. సీళ్లు తీసెయ్. పాత సైకిల్ స్పోక్ ఒకటి తీసుకుని మొన వంచి, ఆకురాయితో చదును చేసుకో. దాంతో గాడి అడుగు, రెండు గోడలు మెల్లగా గీకు. తెల్లపొడి రాలుతుంది, కొన్నిచోట్ల పెచ్చులుగా ఊడుతుంది. లోపలి లోహం ఒకే రంగులో మెరిసేదాకా ఆపకు. పైనున్న డస్ట్ సీల్ గాడిని మర్చిపోకు, బయటి నీళ్లు ముందు చేరేది అందులోకే. గాడి అంచుకు మాత్రం గీత పడకూడదు. ఈ పనికి తొందర పనికిరాదు, టీ తాగి వచ్చి మళ్లీ కూర్చో.

ఇప్పుడు వేసిన సీళ్లు పారెయ్, ఇంకో కిట్ కొను. కడిగిన పెట్రోలు గాడుల్లో ఏ కాస్త మిగిలినా ఆ రబ్బరు ఉబ్బుతుంది. కిరోసిన్, ఇంజన్ ఆయిల్ కూడా అంతే. ఈసారి బ్రేక్ క్లీనర్‌తో కడిగి బాగా ఆరనివ్వు. బిగించేటప్పుడు సీలుకు, పిస్టన్‌కు కొత్త బ్రేక్ ఆయిల్ తప్ప ఇంకేదీ రాయొద్దు.

పిస్టన్ మీద గోరు పెట్టి లాగి చూడు. గోరు తట్టుకునే గుంట సీలు నడిచే చోట ఉంటే కొత్త పిస్టన్ వెయ్యాల్సిందే. ఎమరీ కాగితంతో రుద్దావంటే క్రోమ్ పోతుంది, తర్వాత తుప్పుకు అడ్డే ఉండదు. ఉత్త మరకలైతే మెటల్ పాలిష్ చాలు. కాలిపర్ జారే పిన్నులకు సిలికాన్ గ్రీజు రాయి. షాపుల్లో అన్నిటికీ పూసే మామూలు గ్రీజు రాస్తే పిన్నుల రబ్బరు తొడుగులు ఉబ్బి, మళ్లీ ఇదే గొడవ. ఆయిల్ వచ్చే హోస్ (రబ్బరు గొట్టం) బోల్టు దగ్గర రాగి వాషర్లు కొత్తవి వెయ్యి.

అంతా బిగించి, ఆయిల్‌లో చిక్కిన గాలి తీసి, లివర్ గట్టిపడ్డాక సెంటర్ స్టాండ్ మీద ముందు చక్రం లేపి తిప్పు. ప్యాడ్ సన్నగా రాసుకున్న చప్పుడు వచ్చినా ఫర్వాలేదు. ఆ తర్వాత కూడా నడిపితే పట్టేస్తుంటే, పట్టేసినప్పుడే బండి ఆపి నిప్పిల్ కాస్త వదులు చెయ్. వేడి ఆయిల్ చిమ్ముతుంది, మొహం దూరంగా పెట్టుకో. చక్రం వెంటనే వదిలిందా, కాలిపర్ తప్పు లేదు. లివర్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి వెళ్లే సన్నటి రంధ్రం మూసుకుపోయి ఉండాలి, లేదా హోస్ లోపల ఉబ్బి ఉండాలి. అప్పటి హోసే ఇంకా ఉంటే చర్చ అక్కర్లేదు, మార్చెయ్.

ప్రశ్న: బ్రేక్ ఆయిల్‌లో డాట్ 3, 4, 5 అని ఉన్నాయి. అంకె పెరిగేకొద్దీ మంచిదా? నా బండి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 4 అని ఉంది, 5 పోయించనా?
– ఒక లెక్చరర్, వరంగల్

జవాబు: వద్దమ్మా. డాట్ 5 సిలికాన్‌తో చేసింది, 3, 4లది వేరే జాతి. రెండూ కలవవు. 5.1 మాత్రం పేరు దగ్గరగా ఉన్నా 4 జాతిదే. మూత మీద ఏది రాసి ఉంటే అదే పోయించండి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. కానీ గాలిలో తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. మరిగితే లివర్ మెత్తబడి హ్యాండిల్‌కు తగులుతుంది. అందుకే రెండేళ్లకోసారి మొత్తం మార్పించండి, సీసా మూత మీ ఎదుటే తీయమనండి. పెయింటు మీద చుక్క పడితే గుడ్డతో తుడవకుండా వెంటనే నీళ్లు పోయమనండి.