తేజ అడిగితే తాలు ఎందుకు కలిసింది?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. రోజువారీ అమ్మకాలను ఎక్సెల్‌లో తేదీ, రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), క్వింటాళ్లు, ధర అనే ఐదు శీర్షికల కింద రాసుకుంటాను. తేజ రకం ఎన్ని క్వింటాళ్లు అమ్మామో డీసమ్ (DSUM, షరతులకు సరిపోయిన వరుసలనే కూడేది) ఫంక్షన్‌తో చూస్తే 59 వచ్చింది, కాలిక్యులేటర్‌తో కూడితే 47 మాత్రమే. తేజ, బాడిగ రకాల్లో క్వింటాలు 14,000 దాటి పలికిన సరుకు ఎంతో అడిగితే ఏకంగా రిజిస్టరు మొత్తం కూడి చూపించింది. నేను షరతులు రాయడంలో తప్పెక్కడ జరిగింది?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు పంపిన పట్టికలో తేజ లాట్లు రెండే ఉన్నాయి, ఒకటి 22 క్వింటాళ్లు, రెండోది 25. వాటి కిందనే ‘తేజ తాలు’ (తేజలో నాసిరకం కాయ) అని 12 క్వింటాళ్ల లాటు ఒకటి ఉంది. అదనంగా వచ్చిన 12 అదే. డీసమ్, డీకౌంట్ (DCOUNT), డీయావరేజ్ (DAVERAGE) వంటి డేటాబేస్ ఫంక్షన్లకు షరతుగా ఒక మాట రాసి ఊరుకుంటే, ఎక్సెల్ దాన్ని ‘ఈ మాటతో మొదలయ్యేవన్నీ’ అని అర్థం చేసుకుంటుంది. ఎక్సెల్ 2007 నుంచి ఉన్న సమిఫ్స్ (SUMIFS) ఫంక్షన్ ఇలా చేయదు, సెల్‌లోని మాట మొత్తం సరిపోతేనే లెక్కలోకి తీసుకుంటుంది. ఒకే రిజిస్టరు మీద రెండు ఫంక్షన్లు రెండు మొత్తాలు చూపడానికి తరచూ ఇదే కారణం.

అచ్చంగా తేజ మాత్రమే కావాలంటే షరతు సెల్‌లో ="=తేజ" అని టైపు చేయాలి. ఎంటర్ కొట్టాక అక్కడ =తేజ అని కనిపిస్తుంది. కొటేషన్ గుర్తులు వదిలేసి నేరుగా =తేజ అని రాస్తే ఎక్సెల్ దాన్ని ఫార్ములా అనుకొని తప్పు చూపిస్తుంది. ఎక్సెల్ లాంటిదే అయిన ఉచిత ప్రోగ్రామ్ లిబ్రెఆఫీస్ కాల్క్‌లో సెట్టింగులు మార్చకపోతే సెల్ మొత్తం సరిపోవాలన్న నియమమే అమల్లో ఉంటుంది కాబట్టి అక్కడ మీకు ఈ తేడా వచ్చేది కాదు.

ఇక రెండో చిక్కు. షరతుల పట్టికలో (పైన శీర్షికలు, వాటి కింద షరతులు రాసే చిన్న పట్టిక) ఒకే అడ్డు వరుసలో ఉన్న షరతులన్నీ కలిసి నెరవేరాలి, వేర్వేరు అడ్డు వరుసల్లో ఉంటే వాటిలో ఏదో ఒకటి నెరవేరినా చాలు. ఖాళీ సెల్ అంటే ఆ శీర్షిక విషయంలో ఏ షరతూ లేదని. మీరు తేజకు ఒక వరుస, బాడిగకు ఒక వరుస రాసి, ముందు ముందు పనికొస్తుందన్నట్టు కింద ఇంకో ఖాళీ వరుసను కూడా ఫార్ములాలో చేర్చారు. పూర్తిగా ఖాళీగా ఉన్న వరుసకు రిజిస్టరులోని ప్రతి లాటూ సరిపోతుంది కదా, అందుకే అంతా కూడేసింది. ఆ వరుసను తీసేసినా లెక్క సరికాదు, ఎందుకంటే >14000 అన్నది తేజ పక్కనే ఉంది, బాడిగ పక్కన లేదు. ఇప్పుడున్న రూపంలో మీ షరతుకు అర్థం ‘14,000 దాటిన తేజ, లేదా ఏ ధరకైనా పోయిన బాడిగ’ అని. ధర షరతును రెండు వరుసల్లోనూ రాయండి. 14,000కూ 16,000కూ మధ్య పలికినవి కావాలంటే ‘ధర’ అనే శీర్షికను పక్కపక్కన రెండుసార్లు పెట్టి, ఒకదాని కింద >=14000, రెండోదాని కింద <=16000 ఒకే వరుసలో రాయాలి. శీర్షికలను చేత్తో టైపు చేయకుండా రిజిస్టరు నుంచి కాపీ చేసుకోవడం మంచిది, మాట చివర ఒక్క ఖాళీ ఎక్కువైనా షరతు పట్టదు.

సగటు ధరకంటే ఎక్కువ పలికిన లాట్లు కావాలంటే షరతుగా ఫార్ములానే ఇవ్వవచ్చు. మీ శీర్షికలు 6వ వరుసలో, మొదటి లాటు 7వ వరుసలో, ధరలు ‘ఈ’ (E) కాలమ్‌లో ఉన్నాయి కాబట్టి =ఈ7>యావరేజ్($ఈ$7:$ఈ$500) అని రాయాలి. (చదువుకోవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో ఇచ్చాం గానీ, ఫంక్షన్ పేర్లు, సెల్ చిరునామాలు ఇంగ్లిషు అక్షరాల్లోనే టైపు చేయాలి.) ఈ7లోని 7 ముందు డాలర్ గుర్తు ఉండకూడదు, ఒక్కో లాటుకు అది కిందికి జరగాలి. సగటు తీసే పరిధి కదలకూడదు కాబట్టి దానికి ఆ గుర్తులు తప్పనిసరి. ఈ షరతుకు పైనున్న సెల్‌లో ‘ధర’ వంటి రిజిస్టరు శీర్షిక పెట్టకూడదు. ఆ సెల్‌ను ఖాళీగా వదిలినా సరే, వేరే పేరు పెట్టినా సరే, షరతుల పరిధిలో మాత్రం దాన్ని చేర్చాలి.

తేదీలకు >=1/4/2024 అని రాస్తే, అమెరికా పద్ధతిలో అమర్చిన కంప్యూటర్ దాన్ని జనవరి 4గా చదువుతుంది. =">="&డేట్(2024,4,1) అని రాస్తే ఏ కంప్యూటర్‌లోనైనా ఏప్రిల్ 1గానే ఉంటుంది.