తల్లిదండ్రులు లేకుండా ఇండియాకు వచ్చే పిల్లల వైద్యానికి అనుమతి పత్రం: ఒక తాత అనుభవం

ఆరేళ్ల బాబును ఈ వేసవికి డాలస్ నుంచి విజయవాడలోని మీ అమ్మానాన్నల వెంట పంపుతున్నామని, మీ ఇద్దరికీ సెలవు దొరకలేదని, అక్కడ నోటరీ చేయించిన అనుమతి పత్రం ఇక్కడి ఆసుపత్రిలో పనికివస్తుందా అని మీరు అడిగారు. పనికివస్తుందమ్మా, కాకపోతే అందులో ఏం రాశారన్నదే ముఖ్యం. నేను బ్యాంకులో పనిచేసి రిటైరై గుంటూరులో ఉంటున్నాను. రెండేళ్ల క్రితం న్యూజెర్సీ నుంచి వచ్చిన మా మనవరాలి కోసం, అవసరానికి చాలని కాగితం చేతిలో పట్టుకుని ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడ్డవాణ్ణి కాబట్టి ఈ జవాబు రాస్తున్నాను.

పాపకు అప్పుడు ఏడేళ్లు. ఉదయం పదకొండు గంటల వేళ ప్రహరీ గోడ ఎక్కి కిందపడింది. ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. పుత్తూరు కట్టు వేయిస్తే సరిపోతుందని ఇరుగుపొరుగువారు అన్నారు కానీ, చెయ్యి వంకర కంటికి కనిపిస్తుండగా పిల్లను అంత దూరం తీసుకెళ్లే ధైర్యం నాకు లేకపోయింది. ఆసుపత్రిలో నొప్పి తగ్గడానికి ఇంజెక్షను ఇచ్చేటప్పుడు గానీ, ఎక్స్‌రే తీసేటప్పుడు గానీ ఎవరూ ఏ కాగితమూ అడగలేదు. మత్తు ఇచ్చి ఎముకలు సరిచేసి పిండికట్టు వేయాలన్నప్పుడు మాత్రం మత్తు డాక్టరుగారు తల్లిదండ్రుల సంతకం కావాలన్నారు.

మా అమ్మాయి ఇచ్చి పంపిన పత్రం చూపించాను. అమ్మమ్మ, తాతయ్యలతో కలిసి భారతదేశానికి ప్రయాణించడానికి తమకు అభ్యంతరం లేదని అందులో ఉంది. వైద్యం మాట ఒక్కటీ లేదు. విమానాశ్రయంలో అడిగితే చూపించడానికి రాయించిన కాగితం అది. దానికి తోడు పాప ఇంటిపేరు మా అల్లుడిది, నా ఆధార్‌లో ఉన్నది నాది. నేను ఆమె తాతనని చెప్పడానికి నా నోటిమాట తప్ప మరో ఆధారం లేదు. మాకు మధ్యాహ్నం పన్నెండున్నర అంటే అక్కడ తెల్లవారుజామున మూడు గంటలు. ఇద్దరి ఫోన్లూ సైలెంట్‌లో ఉన్నాయి. పాప తొమ్మిదింటికి ఇడ్లీలు తిన్నందువల్ల మత్తు ఇవ్వడానికి ఎటూ ఆరు గంటలు ఆగవలసి ఉండడం మాకు కలిసివచ్చింది. మాకు మధ్యాహ్నం మూడున్నరకు మా అమ్మాయి నిద్రలేచి, వీడియో కాల్‌లో డాక్టరుతో మాట్లాడి, వాట్సాప్‌లో వెళ్లిన ఫారం మీద భార్యాభర్తలిద్దరూ సంతకాలు చేసి పంపాక చికిత్స జరిగింది, చెయ్యి చక్కగా అతికింది. అయినా ఆ మూడు గంటలూ మా ఆవిడ నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆసుపత్రివారిని నేను తప్పుపట్టను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరి సంతకం కోసమూ వైద్యం ఆపకూడదు. అత్యవసర వైద్యం అందించడం ప్రతి డాక్టరు బాధ్యత అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. సంరక్షకులు అందుబాటులో లేని అత్యవసర పరిస్థితిలో సద్బుద్ధితో చికిత్స చేసిన డాక్టరుకు భారతీయ న్యాయ సంహిత (పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన చట్టం) 30వ సెక్షను రక్షణ ఇస్తుంది. చిక్కంతా మాకు ఎదురైనటువంటి సందర్భాల్లోనే వస్తుంది: ప్రాణాపాయం లేదు, అలాగని రేపటికి వాయిదా వేయడమూ మంచిది కాదు. నేను వకీలును కాను గానీ, ఆ తర్వాత ఓపిగ్గా చదివి తెలుసుకున్నదేమిటంటే, అదే చట్టంలోని 27వ సెక్షను (పాత శిక్షాస్మృతిలో 89వది) పన్నెండేళ్లలోపు పిల్లల మేలు కోసం చేసే పనికి సంరక్షకుల సమ్మతినే కాక, ఆ బిడ్డ చట్టబద్ధంగా ఎవరి సంరక్షణలో ఉంటే వారి సమ్మతిని కూడా అంగీకరిస్తుంది. బాబు మీ అమ్మానాన్నల సంరక్షణలో ఉన్నాడని చూపించేదే మీరు రాసే పత్రం. పన్నెండు దాటిన పిల్లలకైనా, పద్దెనిమిది నిండేవరకు ఆసుపత్రులు పెద్దల సంతకమే అడుగుతాయి.

కాబట్టి ప్రయాణానికి ఒకటి, వైద్యానికి మరొకటి వేర్వేరుగా రాయండి. వైద్యం పత్రంలో పాస్‌పోర్టులో ఉన్నట్టే బాబు పూర్తి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందన్నది ఉండాలి. పరీక్షలు, టీకాలు, ఆసుపత్రిలో చేర్చడం, మత్తు ఇవ్వడం, శస్త్రచికిత్స, రక్తం ఎక్కించడం అని విడివిడిగా పేర్కొనండి. "అవసరమైన వైద్యం" అని ఒక్క ముక్కలో రాస్తే మత్తు డాక్టరు మళ్లీ ఆలోచనలో పడతారు. మీ అమ్మగారు, నాన్నగారు ఇద్దరిలో ఎవరు ఒక్కరు సంతకం చేసినా చెల్లుతుందని స్పష్టంగా రాయండి. బ్యాంకులో ఉమ్మడి ఖాతాకు "ఐదర్ ఆర్ సర్వైవర్" అని ఎందుకు రాయించుకుంటామో, ఇక్కడా అందుకే. "మేము ఫోనులో దొరకని పక్షంలో" అనే షరతు మాత్రం పెట్టకండి. మీరు నిజంగా దొరకలేదని ఆసుపత్రికి రుజువు చేయడం అప్పుడు మీ నాన్నగారి మెడకు చుట్టుకుంటుంది. "మా అమ్మానాన్నలు మాకు తెలియజేయడానికి ప్రయత్నిస్తారు, కానీ వారి సమ్మతి అందుమీద ఆధారపడదు" అని రాస్తే సరిపోతుంది.

తల్లిదండ్రులిద్దరూ నోటరీ ఎదుట సంతకం చేయండి. నోటరీ ధ్రువీకరించేది సంతకాన్నే తప్ప అందులోని విషయాన్ని కాదు గనుక, పత్రం జాగ్రత్తగా రాసుకునే భారం మీదే. అపోస్టిల్ (ఒక దేశపు పత్రం మరో దేశంలో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) కూడా చేయించాలా అని సందేహం రావచ్చు. దాన్ని గుర్తించే దేశాల మధ్య ఉన్న ఒప్పందంలో భారతదేశం 2005 నుంచి ఉంది కాబట్టి అది ఇక్కడ చెల్లుతుంది. కోర్టులకు, ప్రభుత్వ కార్యాలయాలకు ఇచ్చే పత్రాలకు దాని అవసరం ఉండవచ్చు గానీ, ఆసుపత్రి కౌంటరులో నన్ను ఎవరూ అడగలేదు.

అపోస్టిల్ మీద పెట్టే శ్రమను చుట్టరికం రుజువు మీద పెట్టమని నా సలహా. బాబు జనన ధ్రువపత్రంలో మీ పేరు ఉంటుంది. మీ భారతీయ పాస్‌పోర్టు చివరి పేజీలో మీ నాన్నగారి పేరు ఉంటుంది. ఆయన ఆధార్ ఆ పేరుతో సరిపోతుంది. ఈ మూడింటి నకళ్లు వరుసగా పత్రం వెనుక జతచేస్తే ఇంటిపేర్లు వేరైనా ప్రశ్న రాదు. మీరు అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే ఆ పాస్‌పోర్టులో తండ్రి పేరు ఉండదు కాబట్టి, రద్దయిన పాత పాస్‌పోర్టు నకలో, పదో తరగతి సర్టిఫికెట్టో పెట్టండి.

మరో కాగితం మీద బాబు బరువును పౌండ్లలో కాక కిలోల్లో రాయండి, పడని మందులుంటే వాటి పేర్లు, వేయించిన టీకాల పట్టిక చేర్చండి. అక్కడ అసిటమినోఫెన్ అనేదే ఇక్కడ పారాసిటమాల్ అని, అక్కడి పిల్లల టైలెనాల్ 5 మి.లీ.లో 160 మి.గ్రా. మందు ఉంటే ఇక్కడి సిరప్‌లలో 120, 125, 250 మి.గ్రా. రకాలు దొరుకుతాయని మీ అమ్మగారికి విడమరిచి చెప్పండి. చెంచా లెక్కన పోస్తే మోతాదు తప్పుతుంది. సీసా మీది అంకె చూసి డాక్టరును అడిగి పోయాలి. కుక్క కరిస్తే మాత్రం మీకు ఫోను చేయడం కూడా తర్వాతి పని. గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టించాలి.

ఫోన్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ మమ్మల్ని ఏడిపించింది అదే. నిద్రవేళ మోగకుండా పెట్టుకునే సెట్టింగులో కొన్ని నంబర్లకు మినహాయింపు ఇవ్వవచ్చు. మీ ఇద్దరి ఫోన్లలోనూ ఆ పని చేయండి. ఇంటర్నెట్ లేనప్పుడు మీ నాన్నగారి ఫోను నుంచి ఐఎస్‌డీ కాల్ వెళ్తుందో లేదో ముందే ఒకసారి చేయించి చూడండి.

ఈ జూన్‌లో మా మనవరాలు మళ్లీ వస్తోంది. ఈసారి పత్రంలో మా ఇద్దరి పేర్ల కింద హైదరాబాదులో ఉన్న మా రెండో అమ్మాయి పేరు కూడా చేర్చమన్నాను. మేమిద్దరం డెబ్బై దాటినవాళ్లం. ఆసుపత్రిలో చేరేది మాలో ఒకరైతే, రెండోవారు వారిని కనిపెట్టుకుని ఉండగా పిల్లకు జ్వరం వస్తే సంతకం చేయడానికి ఒక పిన్ని ఉండాలి కదా.