బయానా ఇచ్చే ముందు: స్థలం కొనేవారి ప్రశ్నలు

ప్రశ్న: నేను భీమవరంలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. పదేళ్లుగా కూడబెట్టిన సొమ్ము 12 లక్షల రూపాయలు ఉంది. అమలాపురం దగ్గర ఒక వెంచర్‌లో గజం 8,000 చొప్పున 150 గజాల ప్లాటు ఇప్పిస్తామని, రైలు వస్తే ధర రెట్టింపవుతుందని, ఆదివారంలోగా లక్ష రూపాయలు బయానా కట్టాలని మధ్యవర్తి తొందరపెడుతున్నారు. కట్టవచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఈ ఆదివారానికి కట్టకండి. మధ్యవర్తి చెబుతున్న రైలు అమలాపురం మీదుగా వెళ్లవలసిన కోటిపల్లి–నరసాపురం మార్గానిది; అది 2000–01లోనే మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ అనే గోదావరి పాయలను దాటవలసిన ఆ మార్గం పాతికేళ్లకు కూడా పూర్తి కాలేదు. రాబోయే రైలు విలువను అమ్మేవారు ఈనాటి ధరలోనే కలిపి అడుగుతారు కనుక, రైలు ఆలస్యమైన ప్రతి ఏడూ ఆ నష్టం కొన్నవారిదే అవుతుంది.

ముందుగా ఆ వెంచర్‌కు రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ సంస్థ) నమోదు సంఖ్య ఉన్నదో లేదో చూడండి. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన లేఅవుట్‌ను నమోదు చేయకుండా అమ్మకానికి పెట్టకూడదని 2016 నాటి చట్టం చెబుతున్నది. అమ్మకపు అగ్రిమెంటును రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదని కూడా అదే చట్టం నిర్దేశించింది. మీరు కట్టబోయే లక్ష ఆ హద్దులోపలిదే అయినా, రశీదు లేకుండా ఇవ్వవద్దు. ఆ తరువాత సర్వే నంబరు తీసుకుని ఈసీ (స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే పత్రం), అడంగల్ (సాగు వివరాల రికార్డు), వన్‌బీ (యజమాని పేరిట ఉన్న భూమి రికార్డు) తెప్పించి, లింకు దస్తావేజులతో, అంటే పాత క్రయ పత్రాలతో సరిపోల్చండి. ఆ నంబరు 22–ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో లేదని రూఢి చేసుకోండి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు, పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూములు ఆ జాబితాలో ఉంటాయి.

కాగితాలు సరిగా ఉన్నాక చూడవలసినది నీరు. డెల్టాలో కొత్త లేఅవుట్లు చాలావరకు నిన్నటి వరి చేలే. చేనును బొండు ఇసుకతో మెరక చేసి రోడ్లు వేస్తే వేసవిలో అది ఎంతో ముచ్చటగా కనిపిస్తుంది. నిజం తెలియాలంటే ఆగస్టులో రెండు రోజులు ముసురు పట్టినప్పుడు వెళ్లి, నీరు ఏ మురుగు కాలువలోకి దిగుతున్నదో, ఆ కాలువ గుర్రపుడెక్కతో పూడిపోయి ఉన్నదో, ఎగువ చేల నీరు ఈ ప్లాట్ల మీదుగానే పోవాలో గమనించాలి. 1986 ఆగస్టు వరదలోనూ, 2022 జులై వరదలోనూ అక్కడ నీరు ఎంతవరకు వచ్చిందో పక్క చేలో పనిచేసే రైతును అడగండి; ఆయన చేతితో చూపించే ఎత్తు మీకు ఏ బ్రోచరులోనూ దొరకదు. చుట్టూ రొయ్యల చెరువులుంటే బోరు నీటి ఉప్పదనాన్ని కూడా పరీక్ష చేయించండి.

ఇక డబ్బు విషయం. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం చొప్పున మరో 90,000 రూపాయలు కావాలి. అంటే మీ పొదుపు మొత్తం పోసినా చాలదు. అద్దె రాని ఖాళీ స్థలాన్ని అవసరం వచ్చిన నెలలోనే అమ్ముకోవడం కష్టం. కనీసం ఆరు నెలల ఖర్చు విడిగా ఉంచుకోగలిగే వరకు మీరు ఆగడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: మా ఊరిలో ఎకరం కొబ్బరితోట అమ్మకానికి వచ్చింది. అది పిత్రార్జితం. ముగ్గురు అన్నదమ్ములు సంతకం పెడతారు. పెళ్లిళ్లకు కట్నాలిచ్చాము కనుక అక్కచెల్లెళ్లకు హక్కు లేదంటున్నారు. నిజమేనా?
— రాజోలు పాఠకుడు

జవాబు: నిజం కాదు, బాబూ. ఈ మాట నమ్మి కొన్నవారు కోర్టుల చుట్టూ తిరగడం నేను కళ్లారా చూశాను. పిత్రార్జితంలో ఆడపిల్లలకు కొడుకులతో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. అప్పటికే పెళ్లయినవారికి ఆనాడు అది వర్తించలేదు. హిందూ వారసత్వ చట్టానికి కేంద్రం 2005లో చేసిన సవరణ ఆ తేడాను తొలగించింది. సవరణ నాటికి తండ్రి జీవించి ఉండకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తోట తండ్రి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోయినా కూతుళ్లకు సమాన వాటా ఉంటుంది. కట్నంగా డబ్బిచ్చినా, పసుపు కుంకుమల కింద వేరే పొలం రాసినా, దానంతటదే ఈ హక్కు పోదు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన భాగపంపకాల దస్తావేజు ఉన్నదంటే మాత్రం విషయం వేరు. దాన్ని చూపించమనండి.

కనుక కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, తల్లి ఉంటే ఆమెతో సహా హక్కుదారులందరినీ అమ్మకందారులుగానే దస్తావేజులో చేర్చండి. ఒక చెల్లెలు గల్ఫ్‌లో ఉంటే, అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవరాఫ్ అటార్నీ పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలలలోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆ ఆడపడుచులతో మీరే స్వయంగా మాట్లాడండి. తమ వాటా సొమ్ము తమకు అందిందని వారి నోట వినడం న్యాయం కూడా. తోటలో కాయ దింపిస్తున్నది యజమానో, కౌలుదారో అదే రోజున కనుక్కోండి.

ప్రశ్న: రిజిస్ట్రేషన్ ఖర్చు మిగులుతుందని నోటరీ అగ్రిమెంటు, జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ)లతో స్థలం తీసుకోమంటున్నారు. సరేనా?
— తణుకు పాఠకుడు

జవాబు: వద్దు. అటువంటి పత్రాలతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. బ్యాంకు కూడా వాటి మీద అప్పు ఇవ్వదు.