స్కాన్‌లో ఏమీ లేదుగా, ఇంకా చూడాలా?

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. మూడు వారాలుగా డ్రాయర్ మీద చిన్న చిన్న ఎర్ర మరకలు పడుతున్నాయి. నొప్పి, జ్వరం, వాసన ఏమీ లేవు. నులిపురుగుల మందు వేసినా ఆగలేదు. పొట్ట స్కాన్ బాగానే ఉందన్నారు. అయినా మత్తిచ్చి లోపల స్కోపుతో చూడాలంటున్నారు. రేపు పెళ్లప్పుడు ఇబ్బందవుతుందని మా అత్తమ్మ ఒప్పుకోవట్లేదు.
– ఓ తల్లి, మలక్‌పేట

జవాబు: చూపించండమ్మా. పుట్టిన మొదటి పది రోజుల్లో కనిపించే నాలుగు చుక్కలు తల్లి హార్మోను తగ్గడం వల్ల వస్తాయి, వాటితో భయం లేదు. ఆ తర్వాత, ఎనిమిదేళ్లలోపు పిల్లకు యోని నుంచి రక్తం వస్తే మాత్రం కారణం తేలేదాకా వదలకూడదు.

ఈ వయసులో ఆ దారి పొడవు నాలుగైదు సెంటీమీటర్లే. అందులో శెనగగింజంత కండ ఉన్నా, ఇరుక్కున్న టిష్యూ కాగితం ముక్క ఉన్నా పొట్ట మీది నుంచి చేసే స్కాన్‌కు దొరక్కపోవచ్చు. కాగితమో దూదో ఉంటే సాధారణంగా చెడు వాసనతో స్రావం ఉంటుంది. మూత్రనాళం బయటికి జారితే ఎర్రటి వలయం పైకే కనిపిస్తుంది. దెబ్బల గురించి, పాపను ఎవరెవరు చూసుకుంటారన్న దాని గురించి కూడా డాక్టరు అడుగుతారు. అది అడగాల్సిన ప్రశ్నే, నొచ్చుకోకండి.

నొప్పీ వాసనా లేకుండా మళ్లీ మళ్లీ మరక పడుతుంటే అనుమానించాల్సిన వాటిలో ముల్లేరియన్ పాపిలోమా అనే కండ ఒకటి. చాలా అరుదు, క్యాన్సర్ కాదు. గోబీ పువ్వు తునకలా సన్నటి కొసలతో ఉంటుంది, తగిలితే చాలు రక్తం కారుతుంది. చిక్కేమిటంటే, ద్రాక్ష గుత్తిలా పెరిగే సార్కోమా బోట్రియాయిడిస్ అనే క్యాన్సర్ కూడా ఎక్కువగా ఐదేళ్లలోపే వస్తుంది. కంటితో చూసి రెంటినీ తేల్చి చెప్పలేం. తీసిన ముక్క మైక్రోస్కోపు కిందికి వెళ్లాల్సిందే. కండర కణాల జాడ పట్టే డెస్మిన్, మయోజెనిన్ రంగు పరీక్షలు అక్కడ పనికొస్తాయి.

ఇక అత్తమ్మగారి భయం. కన్నెపొరకు పుట్టుకతోనే రంధ్రం ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్ల లావుండే స్కోపు అందులోంచే వెళ్తుంది, మామూలుగా పొరను కోయరు. సెలైన్ వదిలి, అది కారిపోకుండా బయటి పెదవులను వేళ్లతో దగ్గరికి పడతారు. దారి విచ్చుకుని గోడలన్నీ కనిపిస్తాయి. కండ ఉంటే మొదలుతో సహా తీయాలి. మొదలు మిగిలితే మళ్లీ పెరగొచ్చు.

మత్తుకు ముందు అన్నం, పాలు ఆరు గంటలు ఆపాలి. మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు ఇవ్వొచ్చు. చాలామంది పిల్లలు ఆ సాయంత్రమే ఇంటికెళ్తారు. ఒకట్రెండు రోజులు లేత గులాబీ మరక మామూలే. ధారగా రక్తం, జ్వరం, మూత్రం రాకపోవడం ఉంటే వెంటనే వెళ్లండి.

నీలోఫర్ లాంటి, పిల్లల సర్జరీ విభాగం ఉన్న ఆస్పత్రిలో చేయించండి. బయాప్సీ రిపోర్టుతో పాటు స్లైడ్లు, తీసిన ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు కూడా అడిగి తీసుకోండి. రెండో అభిప్రాయం కావాలంటే కాగితం ఒక్కటే సరిపోదు. ఈలోగా డెట్టాల్ నీళ్లతో కడగొద్దు, వేలు గానీ దూది గానీ లోపలికి పోనివ్వొద్దు. మరక పడిన డ్రాయర్ ఉతక్కుండా డాక్టరుకు చూపించండి.