మళ్లీ వెంటిలేటర్ వద్దంటున్నారు నాన్న... రాసి పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. సీఓపీడీ (శ్వాసనాళాలు మూసుకుపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ముదిరి ఇంట్లో ఆక్సిజన్ మీదే ఉంటున్నారు. ఏడాదిలో రెండుసార్లు ఐసీయూలో వెంటిలేటర్ పెట్టారు. ‘ఇంకోసారి ఆ గొట్టం వేయించొద్దు’ అంటున్నారు. ఊరుకుంటే రేపు కేసవుతుందని అన్నయ్య భయం. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: కేసు కాదు. తెలివిలో ఉన్న మనిషి ఫలానా చికిత్స వద్దంటే అది ఆయన హక్కు, ఆత్మహత్య కిందికి రాదు. మాట చెప్పలేని స్థితిలోనూ ఆ నిర్ణయం నిలవాలంటే మాత్రం రాసి పెట్టాలి. అదే లివింగ్ విల్. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దీన్ని గుర్తించింది. అప్పట్లో మేజిస్ట్రేట్ సంతకం కావాల్సి వచ్చేది, 2023 జనవరిలో ఆ షరతు తీసేశారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట నాన్నగారు సంతకం చేసి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరణ చేయించుకుంటే చాలు.

ఈ జబ్బులో ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మగత, తికమక వస్తాయి. ఆ రోజు పెట్టిన సంతకాన్ని తర్వాత ఎవరైనా ప్రశ్నించగలరు. ఆయన తేటగా ఉన్న రోజు చూసి, ‘సొంతంగా నిర్ణయించుకునే స్థితిలో ఉన్నారు’ అని డాక్టరుతో అదే రోజు రాయించుకోండి.

ఎక్కువమంది పొరపాటు చేసేది రాతలోనే. ‘వెంటిలేటర్ వద్దు’ అని ఒక్క ముక్క రాస్తే, మాస్కుతో ఊపిరికి సాయపడే బైపాప్ మిషన్ కూడా వద్దన్నారేమోనని డ్యూటీ డాక్టరు సందేహిస్తారు. బైపాప్‌కు గొట్టం అక్కర్లేదు, సీఓపీడీలో చాలాసార్లు అదే గట్టెక్కిస్తుంది. అందుకని విడివిడిగా రాయించండి: గొంతులో గొట్టం వద్దు, మెడకు రంధ్రం వద్దు, గుండె ఆగితే ఛాతీ నొక్కే సీపీఆర్ వద్దు, బైపాప్, యాంటీబయాటిక్స్, ఆయాసానికి మందులు ఇవ్వవచ్చు. ఏది వద్దో ఏది కావాలో ఆయన నోటే చెప్పించండి. ఆయన తరఫున మాట్లాడేవారిగా మీ పేరుతోపాటు అన్నయ్యగారి పేరూ ఉండాలి. ఒక్క కొడుకు పేరే ఉంటే ఐసీయూ గుమ్మం దగ్గర గొడవ తప్పదు.

కాగితం చూపగానే ఆసుపత్రి చికిత్స ఆపేయదు. చూస్తున్న డాక్టరు, మరో ఇద్దరు నిపుణులు మొదటి బోర్డుగా కలిసి నయమయ్యే ఆశ లేదని తేల్చాలి. జిల్లా ముఖ్య వైద్యాధికారి నియమించే డాక్టరుతో కూడిన రెండో బోర్డు దాన్ని నిర్ధారించాలి. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో చెప్పాలి. ఆపైన మీ ఇద్దరి సమ్మతి తీసుకుని, ఆసుపత్రి మేజిస్ట్రేట్‌కు సమాచారం ఇస్తుంది. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చు.

ఇవేవీ అర్ధరాత్రి క్యాజువాలిటీలో జరిగే పనులు కావు. అక్కడ ముందు గొట్టం వేసేస్తారు, తీయించడానికి రోజులు పడతాయి. కాబట్టి ఇప్పుడే ఊపిరితిత్తుల డాక్టరు (పల్మనాలజిస్టు)తో మాట్లాడి కేస్ షీట్‌లో ఆయన కోరిక నమోదు చేయించండి. ఒక ప్రతి ఫ్యామిలీ డాక్టరుకు, ఒకటి మున్సిపాలిటీ లేదా పంచాయతీలో ఇందుకు నియమించిన అధికారికి ఇచ్చి, ఇంకొకటి ఆక్సిజన్ మిషన్ దగ్గరే పెట్టండి. ఆయన మనసు మారితే మళ్లీ రాతపూర్వకంగా మార్చుకోవచ్చు.

ఒక్కటి మాత్రం చేయకండి. ‘డాక్టరు సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నాం’ అని సంతకం పెట్టి, మందూ మాకూ లేకుండా ఇంటికి తెచ్చేయొద్దు. దారిలో ఊపిరాడక ఆయన పడే బాధ చూడలేరు. గొట్టం వద్దనుకున్నాక చేయాల్సిన వైద్యం చాలా ఉంది. జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే వైద్యం) గురించి అడగండి. కూర్చోబెట్టి ముఖానికి ఫ్యాన్ గాలి తగిలేలా పెడితే ఆయాసం కొంత నెమ్మదిస్తుంది. ఆయాసం లొంగకపోతే 2.5 మిల్లీగ్రాముల వంటి చిన్న మోతాదుతో మార్ఫిన్ మొదలుపెడతారు. అది డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి, దాంతోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు రోజూ ఇవ్వాలి.